తాటిచెట్లంత తీర్పులు, బియ్యపుగింజంత గొడ్డలి

కంప్యూటర్ ప్రోగ్రాం యంత్రమా, లెక్కా? యంత్రమైతే పేటెంటు ఇవ్వాలి, లెక్కయితే ఇవ్వకూడదు. అమెరికాలో అరవై ఏళ్లుగా తెగని తగువు ఇది. అందులో పుట్టిన రికార్డులు ఎన్నో! మన కొలబద్ద తాటిచెట్టు, ఎత్తు 20 మీటర్లు. పేర్చేవి 100 డాలర్ల నోట్లు, ఒక్కోటి 0.11 మిల్లీమీటర్ల మందం. అంటే ఒక్క చెట్టెత్తుకు సుమారు 1.8 కోట్ల డాలర్లు!

మొట్టమొదటిది: ప్రోగ్రామర్ మార్టిన్ గెట్జ్ 1965 ఏప్రిల్ 9న దరఖాస్తు పెట్టారు. పేటెంటు చేతికి వచ్చింది 1968 ఏప్రిల్ 23న. మూడేళ్ల రెండు వారాల నిరీక్షణ! కలగాపులగంగా ఉన్న సమాచారాన్ని కంప్యూటర్ చేత వరుసలో పెట్టించే పద్ధతి అది. దేశంలో తొలి సాఫ్ట్‌వేర్ పేటెంటుగా పేరు దానిదే. నంబరు 3380029.

అతి చిన్న లెక్క: 53. ఒక్కో అంకెనూ విడివిడిగా రాస్తే 0101 0011. మొత్తం సంఖ్యగా రాస్తే 110101. మొదటి రూపాన్ని రెండోదిగా మార్చే పద్ధతికి పేటెంటు కావాలన్నారు బెల్ ల్యాబ్స్ వాళ్లు. కుదరదంది సుప్రీంకోర్టు, 1972లో, 6-0 తేడాతో. లెక్క పిల్లలది, తీర్పు కొండంతది!

అతి బొటాబొటీ గెలుపు: 5-4. సంవత్సరం 1981. అచ్చులో రబ్బరు ఎంతసేపు ఉడకాలో కంప్యూటర్ క్షణక్షణం లెక్కగట్టి, సరిగ్గా ఆ సమయానికి మూత తెరుస్తుంది. వాడిన సూత్రం పాతదే. అయినా పేటెంటు సూత్రానికి కాదు, రబ్బరు తయారీ పద్ధతికి అంది కోర్టు. ఒక్క ఓటుతో గేటు తెరుచుకుంది!

అతి వేగం: అమెజాన్. ఒకే నొక్కుతో సరుకు కొనే పద్ధతికి 1999 సెప్టెంబరు 28న పేటెంటు వచ్చింది. 23 రోజుల్లో బార్న్స్ అండ్ నోబుల్ మీద దావా పడింది. డిసెంబరులో కోర్టు ఆ పోటీదారు చెయ్యి కట్టేసింది. ఇంకో వింత వినండి. 2000 మార్చిలో ఆ అమెజాన్ అధిపతి జెఫ్ బెజోసే బహిరంగ లేఖ రాశారు, సాఫ్ట్‌వేర్ పేటెంట్ల ఆయుష్షు 3 నుంచి 5 ఏళ్లు చాలని. ఆయన పేటెంటు మాత్రం 2017 దాకా బతికింది!

అతి పెద్ద కుప్ప: ఐబీఎంది. 1993 నుంచి 2021 దాకా, వరసగా 29 ఏళ్లు, అమెరికా పేటెంట్లలో నంబర్ వన్. ఒక్క 2020లోనే 9,130. పగలూ రాత్రీ, ఆదివారాలూ పండగలూ కలిపి లెక్కేసినా గంటకొకటి! 2022లో ఆ కిరీటం శాంసంగ్‌కు పోయింది. అంకెల పరుగు మానుకున్నామంది ఐబీఎం. అప్పటికి దాని పగ్గాలు పట్టింది తెలుగు కుటుంబంలో పుట్టిన అరవింద్ కృష్ణ.

అతి తియ్యటి కాపు: స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులు వెబ్ పేజీలకు ర్యాంకులిచ్చే పద్ధతి కనిపెట్టారు. పేటెంటు విశ్వవిద్యాలయం పేరన వచ్చింది, 2001లో. దాన్ని వాడుకున్నందుకు గూగుల్ ఇచ్చిన 18 లక్షల షేర్లు అమ్మితే 33.6 కోట్ల డాలర్లు. 18 తాటిచెట్లు! పేటెంట్లు ఉండాలనేవాళ్లు ముందుగా చూపించే తోపు ఇదే.

అతి విచిత్రమైన వేలంపాట: 2011. దివాలా తీసిన నోర్టెల్ కంపెనీ పేటెంట్లు సుమారు 6,000 అమ్మకానికొచ్చాయి. గూగుల్ ఒక దశలో పాడిన పాట 314.159 కోట్ల డాలర్లు. గుర్తుపట్టారా? 'పై' విలువ! గణితానికి పేటెంటు లేదు, పేటెంటుకు ధర మాత్రం గణితంలో! చివరికి ఆపిల్, మైక్రోసాఫ్ట్ ఉన్న జట్టు 450 కోట్లకు ఎగరేసుకుపోయింది. 247 తాటిచెట్లు!

అతి రద్దీ ఊరు: టెక్సస్‌లోని మార్షల్. జనాభా పాతికవేలు లేదు. 2015లో దేశం మొత్తం పేటెంటు దావాల్లో 40 శాతానికి పైగా ఈ ఊరున్న తూర్పు టెక్సస్ జిల్లా కోర్టులోనే పడ్డాయి! అప్పట్లో కోర్టు ఎదురుగా ఐసు మీద జారే మైదానం, దాని దాత అక్కడ తరచూ ప్రతివాదిగా నిలబడే శాంసంగ్. 2017లో సుప్రీంకోర్టు 8-0తో దారి మళ్లించింది. దావా వేయాల్సింది ప్రతివాది కంపెనీ నమోదైన రాష్ట్రంలోనో, అది స్థిరంగా వ్యాపారం చేస్తూ ఉల్లంఘించిన చోటనో అంది.

అతి పెద్ద ఉత్తరాల కట్ట: 16,465 చిన్న వ్యాపారాలకు పేటెంటు పేరుతో ఒకటే బెదిరింపు. చేసిన నేరం? కాగితం స్కాన్ చేసి ఈమెయిల్‌లో పంపడం! తల ఒక్కింటికి వెయ్యి డాలర్ల పైచిలుకు కట్టాలట. పదిమంది గుమాస్తాలుంటే పదివేలు. పంపిన సంస్థ ఎంపీహెచ్‌జే. దాన్ని ఆపడానికి 2014లో కేంద్ర వాణిజ్య కమిషన్ దిగాల్సి వచ్చింది.

భయానికి కట్టిన అతి పెద్ద మూల్యం: 61.25 కోట్ల డాలర్లు, 33 తాటిచెట్లు. బ్లాక్‌బెర్రీ ఫోన్ల కంపెనీ 2006 మార్చి 3న, దావా వేసిన పేటెంట్ల యజమాని ఎన్‌టీపీకి చెల్లించి బయటపడింది. అప్పటికే ఆ పేటెంట్లను పేటెంటు ఆఫీసు తిరగదోడుతోంది, కొన్నిటిని కొట్టేస్తోంది కూడా. కానీ సేవలు ఆగిపోతాయన్న భయం ముందు ఆగే ఓపిక ఎక్కడిది?

అతి ఎత్తునుంచి జారిపడ్డది: ఎంపీ3 పాటల తగువు. 2007 ఫిబ్రవరిలో శాన్‌డియేగో జ్యూరీ మైక్రోసాఫ్ట్‌ను 152 కోట్ల డాలర్లు కట్టమంది. 83 తాటిచెట్లు! ఆగస్టులో జడ్జి ఒక్క కలంపోటుతో కూల్చేశారు. ఆరు నెలలు కూడా నిలవలేదు.

అతి చిన్న గొడ్డలి: 2020లో వర్జీనియా జడ్జి సిస్కో కంపెనీ మీద 190 కోట్ల డాలర్ల తీర్పిచ్చారు, 104 తాటిచెట్ల ఎత్తు. విచారణ ముగిశాక, తీర్పు వెలువడక ముందే తేలిందేమంటే, జడ్జిగారి భార్య పేర సిస్కో షేర్లు 100 ఉన్నాయి. వాటి విలువ 4,687 డాలర్ల 99 సెంట్లు. తీర్పు ఆ షేర్లున్న కంపెనీకే వ్యతిరేకం! అయినా 2022లో పైకోర్టు రద్దు చేసింది. ఆ షేర్ల విలువను నోట్లుగా పేరిస్తే 5 మిల్లీమీటర్లు. నిలబెట్టిన బియ్యపుగింజ 104 తాటిచెట్లను నరికింది!

అతి పెద్ద మలుపు: 1991లో బిల్ గేట్స్ తన కంపెనీ వాళ్లకో లేఖ రాశారు. నేటి ఆలోచనలు పుట్టిన నాడే జనం పేటెంట్లు తీసుకుని ఉంటే పరిశ్రమ కదలకుండా నిలిచిపోయేదన్నారు. విరుగుడు? వీలైనన్ని పేటెంట్లు మనమే తీసుకుందామన్నారు! 27 ఏళ్ల తర్వాత, 2018లో, హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల హయాంలో అదే మైక్రోసాఫ్ట్ లినక్స్ రక్షణ కూటమిలో చేరింది. కత్తి దూయబోమంటూ కూటమి ముందు పెట్టిన పేటెంట్లు 60,000!

అతి పెద్ద గందరగోళం: ఆలిస్ కేసు. 2013లో 10 మంది అప్పీలు జడ్జీలు కూర్చుంటే 7 వేర్వేరు అభిప్రాయాలు వచ్చాయి. 2014 జూన్ 19న సుప్రీంకోర్టు 9-0తో తేల్చేసింది. పాత ఊహను కంప్యూటర్ మీద నడిపినంత మాత్రాన పేటెంటు రాదంది. దేశంలో అతి పెద్ద సాఫ్ట్‌వేర్ తీర్పు! అందులో 'సాఫ్ట్‌వేర్' ప్రస్తావన ఎన్నిసార్లు? సున్నా.

అన్నిటికన్నా చిన్నది: దేనికి పేటెంటు ఇవ్వొచ్చో చెప్పే చట్టం, 101వ సెక్షన్. 1952 నాటిది. ఒకే వాక్యం, ఇంగ్లీషులో 36 మాటలు. కొత్తదై, పనికొచ్చే పద్ధతి, యంత్రం, తయారీ, పదార్థం అని లెక్కపెట్టి ఊరుకుంది. ప్రోగ్రాం ఊసే లేదు. ఈ తాటితోపంతా మొలిచింది గుప్పెట్లో పట్టే ఆ ఒక్క టెంకలోంచే!