నూటికి ఇంత యనగా దేనిమీద?

గన్నవరము ప్రాంతమున కళ్లములయొద్దకు పోవునపుడు మేము తఱచుగా వినెడి తగవొకటి కలదు. వడ్లలో తేమ నూటికి 22 పాళ్లున్నదని కొలిచిరి. ప్రభుత్వపు కొనుగోలునకు 17 పాళ్లు మించరాదు. రైతు ఎండబెట్టి మరల తూచగా, నూరు కిలోలు 95కు మాఱుగా 94 అయినవి. "తేమ 5 పాళ్లు పోయినచో 5 కిలోలే కదా తగ్గవలెను, ఆ కిలో యేమాయె?" నని అతఁడు కాటావానిని అనుమానించును. ఇంతమాత్రమునకే ఒక్కొక్క ఊర పలుకరింపులు నిలిచిపోయినవి. లోపము కాటాలో లేదు, లెక్కలో నున్నది.

సంఘ సభ్యులారా, హెచ్చుతగ్గులు కనుగొను విధమిది. పాత మొత్తమునకును కొత్త మొత్తమునకును గల తేడాను తీసి, దానిని పాత మొత్తముతో భాగించి, నూటితో గుణింపవలెను. భాగించునది ఎల్లప్పుడును పాత మొత్తమే.

2024-25లో సాధారణ రకపు వడ్లకు క్వింటాలు మద్దతు ధర 2,300 రూపాయలు, 2025-26లో 2,369. తేడా 69. దానిని 2,300తో భాగించి నూటితో గుణింప 3 వచ్చును. అనగా ధర నూటికి 3 హెచ్చినది. కొత్త ధరనుండి పాత ధరను కనుగొనవలెనన్న, 2,369లో నూటికి 3 తీసివేయరాదు. అట్లు చేసిన 2,297 రూపాయల 93 పైసలు వచ్చును. 2,369ని 103తో భాగించి నూటితో గుణించినయెడల 2,300 సరిగా వచ్చును.

2023 డిసెంబరు 5వ తేదీన బాపట్ల సమీపమున తీరము దాటిన మిచాంగ్ తుపాను డెల్టాలో వరిని ముంచినది. అట్టి యేట ఎకరమునకు 30 బస్తాలు రావలసినచోట 24 వచ్చినవనుకొందము. నష్టము నూటికి 20. మఱుసటియేట దిగుబడి నూటికి 20 హెచ్చిన, పోయినదంతయు వచ్చినదని సంతసింపరాదు. 24లో నూటికి 20 అనగా 4.8 మాత్రమే, చేతికి వచ్చునవి 28.8 బస్తాలు. మరల 30కి చేరుటకు నూటికి 25 హెచ్చవలెను.

ఇఁక తేమ తగవు. ఇచట మాఱనిది గింజలోని ఎండుసరకు. తేమ 22 పాళ్లున్న నూరు కిలోలలో ఎండుసరకు 78 కిలోలు. ఆరిన పిదప తేమ 17 గనుక, ఆ 78 కిలోలే కొత్త తూకములో నూటికి 83 పాళ్లగును. 78ని 83తో భాగించి నూటితో గుణింప సుమారు 94. ఆ 22 పాత తూకముమీదిది, ఈ 17 కొత్త తూకముమీదిది. ఒకదానినుండి మఱియొకటి తీసివేసి, అదియే తూకపు తగ్గుదల యనుకొనుటే పొరపాటు. 75 కిలోల బస్తాలు 40 ఎండబెట్టినచో 3,000 కిలోలలో సుమారు 181 కిలోలు తగ్గును, 150 కాదు.

ఈ లెక్క ఇరువైపులను కాచును. కిలో తగ్గినందున తూచువానిని దొంగ యనరాదు. అట్లే ఇదే తేమకు ఎవరైనను క్వింటాలునకు 8 కిలోలు తరుగు తీసినచో, "ఏ లెక్క?" యని అడుగుటకు రైతునకు హక్కు కలదు. తాలు, మట్టి పోయినయెడల దానిని వేరుగా తూచి చూపవలెను.

మన పిల్లలకు ప్రవేశపరీక్షలలో వచ్చునవియు ఇట్టి లెక్కలే. అచట ఇచ్చు నాలుగు జవాబులలో పొరపాటు లెక్కకు సరిపోవు జవాబును తఱచుగా నుండును. పై దిగుబడి లెక్కలో 25కు బదులు 20 యన్నట్లు. కావున సాయంకాలము వారిని అరుగుమీద కూర్చుండబెట్టుకొని, సొంత పొలపు లెక్కనే వేయించుఁడు. మొదట పాత మొత్తమేదో గుర్తించి దానిక్రింద గీత గీయుమనుఁడు. ఆ గీత గీచిన పిమ్మటనే భాగహారము మొదలుపెట్టవలెను.