కారు బ్రేకులు ఎన్నాళ్లు వస్తాయి?

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకు నయాగరా చూపించని తెలుగువాళ్లు ఉంటే ఉండవచ్చు. పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరస్వామి దర్శనం చేయించని తెలుగువాళ్లు మాత్రం మా ఎరుకలో లేరు. మేమూ అందరిలాంటి వాళ్లమే. 2023 ఆగస్టులో అత్తయ్యగారినీ మామయ్యగారినీ వెనక సీట్లో కూర్చోబెట్టుకుని న్యూజెర్సీ నుంచి బయలుదేరాం. వెళ్లడానికి సుమారు 340 మైళ్లు, రావడానికి మళ్లీ అంతే.

పెన్‌హిల్స్‌లో గుడి కొండవాలు మీద ఉంది. అక్కడ బ్రేకు నొక్కినప్పుడల్లా కారు కీచుమంటోంది. "ఏమిటర్రా ఆ కూత? మన బావి గిలక కూసినట్టుంది" అన్నారు అత్తయ్యగారు. "ఏం లేదండీ, వానకు తడిసింది" అని సర్దిచెప్పాం. నిజానికి ఆ కూత మేము రెండువారాలుగా వింటూనే ఉన్నాం. బండి తిరిగింది 41,000 మైళ్లు. "బ్రేకు ప్యాడ్లు 60,000 దాకా చూసుకోనక్కరలేదు" అని మిత్రులు చెప్పారు. పైగా జూన్‌లో టైర్లు మార్చిన షాపులో ఒకాయన చక్రం సందులోంచి తొంగిచూసి, ఇంకా సగం ఉన్నాయన్నాడు. ఇంజనీరింగ్ చదువుకున్న వాళ్లమే అయినా ఆ రెండు మాటలూ నమ్మి ఊరుకున్నాం.

తిరుగుదారిలో టర్న్‌పైక్ మీద ఆలిఘెనీ సొరంగం దాటగానే తూర్పువైపు రోడ్డు చాలాదూరం దిగుతుంది. ఆ దిగుడులో కీచు పోయి గరగర మొదలైంది. ఇనుముతో ఇనుము గీకినట్టు చప్పుడు. కాలికింద పెడలు అదురుతోంది. వెనక సీట్లో మాటలు ఆగిపోయాయి. గేరు తగ్గించి, కుడి లేనులో మెల్లగా బెడ్‌ఫర్డ్ ఎగ్జిట్ దాకా వచ్చి దిగాం. ఆదివారం సాయంకాలం కావడంతో గరాజులన్నీ మూసివున్నాయి. ఆ రాత్రి మోటెల్‌లో ప్రసాదం పులిహోరే మా భోజనం. "స్వామే ఆపాడు" అన్నారు మామయ్యగారు. ఆపవలసింది బ్రేకులు కదండీ అని నోటిదాకా వచ్చింది గానీ, అనలేదు.

సోమవారం ఉదయం మెకానిక్ చక్రం విప్పి చూపించాడు. డిస్కుకు రెండు పక్కలా రెండు ప్యాడ్లుంటాయి. బయటి ప్యాడు నిజంగానే సగం ఉంది. లోపలిది పూర్తిగా అరిగి, వెనక ఇనుపరేకు డిస్కును దున్నేసింది. ప్యాడ్లను పట్టి నొక్కే కాలిపర్ రెండు పిన్నుల మీద జారుతూ ఉండాలి. చలికాలం రోడ్ల మీద చల్లే ఉప్పుకు ఆ పిన్నులు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. దానితో భారమంతా లోపలి ప్యాడు మీదే పడింది. టైర్ల షాపు ఆయన అబద్ధం చెప్పలేదు. కనిపించిన ప్యాడు చూసి చెప్పాడు, అంతే. ప్యాడ్లతో పోవలసిన ఖర్చు డిస్కులూ కాలిపరూ కలిసి మూడింతలయింది.

ఇంతకూ అవి ఎన్నాళ్లు వస్తాయి? సాధారణంగా 30,000 నుంచి 70,000 మైళ్లంటారు. ఒక చివరకు మరొకటి రెండింతలకు పైనే ఉందంటే ఆ లెక్క మీద ఎంతవరకు ఆధారపడవచ్చో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. ప్యాడు అరిగేది మైళ్లవల్ల కాదు, బండిని ఆపడంవల్ల. ఆపడమంటే వేగంలోని శక్తిని వేడిగా మార్చడం. హైస్కూల్లో చదివిన సూత్రమే: వేగం రెట్టింపయితే శక్తి నాలుగింతలు. 60లో పోయే బండిని ఆపడానికి 30లో పోయేదానికన్నా నాలుగింతల పని. ఖాళీ ఫ్రీవే మీద రోజూ నలభై మైళ్లు పోయేవారి ప్యాడ్లు ఏళ్లతరబడి వస్తాయి. ప్రతి సిగ్నలు దగ్గరా ఆగుతూ ఎనిమిది మైళ్లు పోయేవారివి ముందే అరుగుతాయి. బ్రేకు వేయగానే బరువు ముందుకు వాలుతుంది గనుక చాలా బళ్లలో ముందుచక్రాలవే తొందరగా పోతాయి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బళ్లలో మోటారే చాలావరకు బండి వేగం తగ్గిస్తుంది గనుక వాటి ప్యాడ్లు లక్ష మైళ్లు దాటడం వింత కాదు. అయితే వాడకం తక్కువై అక్కడా తుప్పు పడుతుంది.

కాబట్టి మైళ్లు కాదు, మిల్లీమీటర్లు అడగాలి. కొత్త ప్యాడు మందం సుమారు 10 నుంచి 12 మిల్లీమీటర్లు. 3కి వస్తే మార్చవలసిందే. డ్రాయరులో పడివున్న పెన్నీలు రెండు ఒకదాని మీద ఒకటి పెట్టండి, సరిగ్గా 3 మిల్లీమీటర్లు. టైర్లు మార్చినప్పుడల్లా "లోపలి ప్యాడు ఎంత, బయటిది ఎంత?" అని అడిగి, మైళ్లతోపాటు రాసిపెట్టుకోండి. 11 మిల్లీమీటర్ల ప్యాడు 20,000 మైళ్లకు 7కి వచ్చిందనుకోండి. అంటే 5,000 మైళ్లకు ఒక మిల్లీమీటరు. ఇంకో 20,000 మైళ్లకు 3కి వస్తుంది. ఈ లెక్క మీ బండిది, మీ రోడ్లది, మీ కాలిది. లోపలికీ బయటికీ తేడా ఎక్కువగా ఉంటే పిన్నులు చూడమనాలి.

చాలా ప్యాడ్లకు చిన్న ఇనుపరేకు ఒకటి అమర్చి ఉంటుంది. ప్యాడు బాగా పలచబడగానే అది డిస్కుకు తగిలి కీచుమంటుంది. మేము వాన మీదికి నెట్టేసిన కూత అదే. తెల్లవారి తేమకు ఒకటి రెండుసార్లు కూసి ఊరుకుంటే భయం లేదు. రోజూ కూస్తే ఆ వారమే చూపించాలి.

ఎవరో ఒకరు చూస్తారులే అనుకునే రోజులు కూడా పోతున్నాయి. న్యూజెర్సీలో 2010 ఆగస్టు నుంచి సొంత కార్ల ఇన్‌స్పెక్షన్‌లో బ్రేకులు చూడడం మానేశారు, పొగ సంగతే చూస్తారు. మన స్టిక్కరు సరిగ్గానే ఉంది, బ్రేకులే లేవు! టెక్సాస్‌లో 2025 జనవరి నుంచి సొంత కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. డాలస్, హ్యూస్టన్ మిత్రులు గమనించాలి.

కొండ దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి కూర్చోకూడదు. కొలరాడోలో పైక్స్ పీక్ దిగేవారిని గ్లెన్ కోవ్ దగ్గర ఆపి బ్రేకుల వేడి కొలుస్తారు. కాగి ఉంటే చల్లారేదాకా కదలనివ్వరు. ఇది మనకు తెలియని విద్య కాదు. తిరుమల పాత ఘాట్ రోడ్డు మీద డ్రైవర్లు గేరు తగ్గించి, ఇంజను చేతనే బస్సును పట్టించి దించడం చిన్నప్పుడు కిటికీలోంచి చూసినవాళ్లమే. ఆటోమాటిక్ కార్లలోనూ తక్కువ గేరు ఉంటుంది. కొనేరోజు తప్ప దానివంక చూడం.

బెడ్‌ఫర్డ్ నుంచి ఇల్లు చేరేదాకా ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఇప్పుడు మా కార్ల గ్లవ్ కంపార్ట్‌మెంట్లలో చిన్న నోటుపుస్తకం, రెండు పెన్నీలు ఉంటున్నాయి. పెద్దవాళ్లకు టిక్కెట్లు కొన్న రోజునే వాళ్ల మందుల సంగతి, ఇన్సూరెన్స్ సంగతి చూస్తాం గదా. ఆ జాబితాలో బ్రేకులు కూడా రాసుకోండి. అత్తయ్యగారు ఫోను చేసినప్పుడు మనవల క్షేమం అడిగాక, "గిలక కూయడం లేదుగా?" అని ఇప్పటికీ అడుగుతారు.