పాత కార్లలో ఇగ్నిషన్ ఆధారిత విద్యుత్ సరఫరా

ఇగ్నిషన్ ఆధారిత విద్యుత్ సరఫరా అంటే కారు తాళంచెవిని తిప్పినపుడు మాత్రమే పరికరాలకు విద్యుత్తు అందే ఏర్పాటు. పాత కార్లలో ఛార్జరు, జి.పి.ఎస్., కెమెరా వంటి కొత్త పరికరాలను అమర్చేటపుడు ఇది అవసరమవుతుంది. 1962 నుండి 1980 వరకు తయారైన ఎం.జి.బి. అనే బ్రిటిష్ కారును ఈ వ్యాసంలో ఉదాహరణగా తీసుకున్నాము.

ఆవశ్యకత

పరికరాన్ని నేరుగా బ్యాటరీకి కలిపితే, కారు ఆగి ఉన్నా అది కొంత విద్యుత్తును తీసుకుంటూనే ఉంటుంది. ఉదాహరణకు 50 మిల్లీ ఆంపియర్లు తీసుకునే పరికరం రోజుకు 1.2 ఆంపియర్-గంటలు ఖర్చు చేస్తుంది. ఆ లెక్కన 40 ఆంపియర్-గంటల బ్యాటరీలో సగం సుమారు 17 రోజులలో తరిగిపోతుంది. పాత కార్లు వారాల తరబడి షెడ్డులోనే ఉండటం సాధారణం కనుక ఈ నష్టం చిన్నది కాదు.

తీగల రంగులు

నాటి బ్రిటిష్ కార్లలో లూకాస్ సంస్థ రంగుల పద్ధతి వాడుకలో ఉండేది. అందులో ముఖ్యమైనవి:

* గోధుమ రంగు - బ్యాటరీ నుండి ఎల్లపుడూ వచ్చే, ఫ్యూజు లేని సరఫరా
* ఊదా - ఎల్లపుడూ ఉండే, ఫ్యూజు గల సరఫరా
* తెలుపు - ఇగ్నిషన్ స్విచ్ నుండి వచ్చే, ఫ్యూజు లేని సరఫరా
* ఆకుపచ్చ - ఇగ్నిషన్ స్విచ్ నుండి ఫ్యూజు ద్వారా వచ్చే సరఫరా
* నలుపు - ఎర్త్

తెలుపు తీగ ఇగ్నిషన్ కాయిల్‌కు విద్యుత్తునిస్తుంది. దీనికి ఫ్యూజు లేనందున, దీని నుండి తీసిన కొత్త తీగ ఎక్కడైనా ఒరిసి బాడీకి తగిలితే తీగల కట్ట కాలిపోయే ప్రమాదం ఉంది. ఆకుపచ్చ తీగకు ఫ్యూజు ఉన్నా, ఎం.జి.బి.లో బ్రేకు దీపాలు, వైపర్లు, మలుపు దీపాలు దాని మీదే ఆధారపడతాయి. కొత్త పరికరం వలన ఆ ఫ్యూజు పోతే ఇవన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. కనుక పరికరాల భారాన్ని ఈ రెండింటి మీదా నేరుగా వేయరాదు.

రిలే పద్ధతి

రిలే అనేది చిన్న విద్యుత్తుతో పెద్ద విద్యుత్తును అదుపు చేసే స్విచ్. దాని కాయిల్ సుమారు 0.2 ఆంపియరు మాత్రమే తీసుకుంటుంది. ఋణ ధ్రువం బాడీకి కలిపిన కార్లలో దాని కొనలను ఇలా కలపాలి:

# 30వ కొన - బ్యాటరీ ధన ధ్రువానికి, కొత్త ఫ్యూజు ద్వారా. ఈ ఫ్యూజు విద్యుత్తు తీసుకునే చోటుకు వీలైనంత దగ్గరగా ఉండాలి.
# 86వ కొన - ఆకుపచ్చ తీగకు
# 85వ కొన - ఎర్త్‌కు
# 87వ కొన - కొత్త పరికరాలకు

తాళంచెవి తిప్పగానే రిలే కాయిల్ అయస్కాంతమై 30, 87 కొనలను కలుపుతుంది. పరికరాల భారం కొత్త తీగ మీదనే పడుతుంది. కొన్ని రిలేలలో కాయిల్‌కు అడ్డంగా డయోడు ఉంటుంది. అటువంటి వాటిలో 85, 86 కొనలను తారుమారు చేయరాదు.

ఫ్యూజు, తీగ మందం

వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 12 వోల్టుల వద్ద 60 వాట్ల పరికరాలకు 5 ఆంపియర్లు కావాలి. దీనికి 7.5 ఆంపియర్ల ఫ్యూజు, 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ సరిపోతాయి. ఫ్యూజు ఎపుడూ తీగ మోయగల విద్యుత్తుకన్నా తక్కువదై ఉండాలి.

పాత లూకాస్ ఫ్యూజు మీద 35 అని ఉంటే అది కాలిపోయే స్థాయి. అది నిరంతరం మోయగలిగేది 17 ఆంపియర్లు మాత్రమే. ఈ తేడా తెలియక దాని స్థానంలో 35 ఆంపియర్ల కొత్త తరహా ఫ్యూజు వేస్తే, ఫ్యూజు కంటే ముందు తీగ వేడెక్కుతుంది.

జాగ్రత్తలు

* 1967 వరకు వచ్చిన ఎం.జి.బి. కార్లలో ధన ధ్రువమే బాడీకి కలిపి ఉండేది. నేటి పరికరాల లోహపు తొడుగు సాధారణంగా ఋణ ధ్రువానికి కలిసి ఉంటుంది కనుక, అటువంటి కార్లలో అది బాడీకి తగిలితే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. ముందుగా ఏ ధ్రువం ఎర్త్ అయినదో చూసుకోవాలి.
* ఇగ్నిషన్ కాయిల్ వద్ద నుండి విద్యుత్తు తీయరాదు. కొన్ని కార్లలో కాయిల్‌కు ముందు నిరోధకం ఉండటం వలన అక్కడ 12 వోల్టులు ఉండవు.
* ఇంజను ఆగి ఉండగా ఇగ్నిషన్‌ను ఎక్కువసేపు ఆన్‌లో ఉంచరాదు. పాయింట్లు మూసుకొని ఉంటే కాయిల్ వేడెక్కి పాడవుతుంది.
* పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ ఎర్త్ తీగను ఊడదీయాలి. పని ముగిసిన తరువాత దానిని అన్నిటికన్నా చివర బిగించాలి.

చివరగా వోల్టుమీటరుతో 87వ కొనను పరీక్షించాలి. తాళంచెవి ఆఫ్‌లో ఉన్నపుడు సున్నా, ఆన్‌లో సుమారు 12 వోల్టులు చూపితే ఏర్పాటు సరిగా ఉన్నట్లు.