వాటాల బేరం : నేడు అమ్మకం, రేపు రొక్కం

బొంబాయి బజారులో వాటాలమ్మి పక్షం రోజులు సొమ్ముకు ఎదురుచూసిన వర్తకులు ఇంకా ఉన్నారు. బదలా ఉంటే గడువు మరింత సాగేది. 2001 జూలైలో బదలా ఆగినది. 2002 ఏప్రిల్ నుండి బేరం తరువాత మూడో పనిదినాన, 2003 ఏప్రిల్ నుండి రెండో పనిదినాన చెల్లింపులు జరిగినవి. 2023 జనవరి 27 నుండి అన్ని వాటాలకూ మరుసటి పనిదినమే గడువు. అమెరికా ఈ పద్ధతికి వచ్చినది 2024 మే 28న, మనకంటే వెనుక!

గడువు తగ్గినకొద్దీ ఖాతాదారు సొమ్ము బ్రోకరు వద్ద నిలవడం తగ్గినది. తగవులు ఎక్కువగా అక్కడే పుట్టేవి. అయితే కాంట్రాక్టు నోటు మాటేమిటి? బేరమైన 24 గంటలలోగా బ్రోకరు దానిని పంపాలి. ధర, బ్రోకరేజి విడివిడిగా చూపాలి. చాలామంది మొత్తం చూసి పక్కన పెడతారు. లోగడ తప్పు దొరికితే దిద్దించుకొనే వ్యవధి ఉండేది. ఇప్పుడు మరునాడు తీరికగా నోటు తెరిచేసరికి వాటాలు చేతులు మారిపోతున్నవి.