చంటిబిడ్డ విరేచనంలో నెత్తురు: తల్లిపాలు మాన్పించాలా?

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
1. పాలలోని మాంసకృత్తుల వల్ల కొందరు చంటిబిడ్డల పేగు ఎందుకు వాస్తుందో వివరించగలుగుతారు.
2. ఈ వాపుకు, జిగట విరేచనాలకు, లాక్టోజ్ అసహనానికి గల భేదాలను గుర్తించగలుగుతారు.
3. బిడ్డను వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు తీసుకెళ్ళాలో చెప్పగలుగుతారు.

పరిచయం

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్‌లో ఎన్నో తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. ఆ పట్టణంలోని హిజ్లీలో అటువంటి ఒక ఇంటిని ఊహించుకోండి. బిడ్డకు 6 వారాలు. తల్లిపాలే ఆహారం. బరువు బాగా పెరుగుతున్నాడు. ఒకనాడు విరేచనంలో జిగురు, సన్నని నెత్తురు చారలు కనిపించాయి. "నీ పాలు వాడికి పడటంలేదమ్మా, మాన్పించి ఆవుపాలు పట్టు" అంది అత్తగారు. ఈ సలహా సరైనదేనా? ఆలోచించండి.

పేగులో ఏం జరుగుతుంది?

తల్లి తీసుకున్న పెరుగు, మజ్జిగ, టీలలోని పాల మాంసకృత్తులలో అతి స్వల్పభాగం ఆమె రక్తంలో చేరి, చనుబాలలోకి వస్తుంది. చాలామంది బిడ్డలకు దీనివల్ల ఏ హానీ కలగదు. కొద్దిమందిలో మాత్రం రోగనిరోధక వ్యవస్థ ఆ మాంసకృత్తులను ఎదిరిస్తుంది. అప్పుడు పెద్దపేగు చివరిభాగపు లోపలి పొర వాచి, కొద్దిగా నెత్తురు వస్తుంది. దీనికి ముఖ్యకారణం ఆవుపాలు. కొందరిలో సోయా, గుడ్డు కూడా కారణం కావచ్చు.

ఇప్పుడు అత్తగారి సలహాను పరిశీలించండి. తల్లిపాల ద్వారా లవలేశంగా చేరే మాంసకృత్తే ఆవుపాలు పడితే ఎన్నో రెట్లు నేరుగా చేరుతుంది. మేకపాలు, గేదెపాల మాంసకృత్తులూ దానిని పోలినవే. మామూలు పాలడబ్బాల పొడి కూడా ఆవుపాలతో చేసినదే. కాబట్టి మార్చవలసినది తల్లిపాలు కాదు, తల్లి ఆహారం.

ఇతర కారణాలు

జిగట విరేచనాలు సూక్ష్మజీవుల వల్ల వస్తాయి. వీటిలో తరచు జ్వరం ఉంటుంది, బిడ్డ నీరసిస్తాడు. లాక్టోజ్ అసహనం పాలలోని చక్కెర అరగకపోవడం వల్ల కలుగుతుంది. అందులో నీళ్ళ విరేచనాలు, కడుపుబ్బరం ఉంటాయి కాని నెత్తురు పడదు. మలద్వారం దగ్గర చిన్న చీలిక ఉన్నా నెత్తురు కనిపించవచ్చు. అందుచేత నెత్తురు ఎంత కొద్దిగా కనిపించినా ముందు వైద్యునికి చూపించాలి.

ఏం చేయాలి?

నెత్తురు చాలా స్వల్పమై, బిడ్డ హుషారుగా ఉంటే వైద్యుడు కొన్నాళ్ళు వేచి చూడమనవచ్చు. లేదా తల్లిని 2 నుంచి 4 వారాలు పాల పదార్థాలు మానమనవచ్చు. పాలు, పెరుగు మానితే చాలదు. బెంగాల్‌లో ఇంటింటా కనిపించే సందేశ్, రసగుల్లా, మిష్టి దోయి పాలతో చేసినవే. బిస్కెట్లు, రొట్టెల పొట్లాలపై పాలపొడి పేరు ఉందేమో చూడాలి. కారణం పాలే అయితే సాధారణంగా కొద్దిరోజుల నుంచి 2 వారాలలో నెత్తురు తగ్గుతుంది.

తరువాత వైద్యుని సలహాతో తల్లి మళ్ళీ పాలు తీసుకొని చూడాలి. నెత్తురు తిరిగి వస్తే పాలే కారణమని తేలుతుంది. రాకపోతే ఆమె ఊరకే పథ్యం చేయనక్కరలేదు. పాలు మానినంతకాలం రాగులు, నువ్వులు, మునగాకు, ముల్లుతోసహా నమిలే చిన్నచేపలు తీసుకోవాలి. సున్నపు ధాతువు మాత్రలు అవసరమా అని కూడా అడగాలి. ఎక్కువమంది బిడ్డలకు ఏడాది నిండేసరికి పాలు సరిపడతాయి.

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళవలసిన లక్షణాలు

• జ్వరం, పాలు తాగకపోవడం, మత్తుగా పడి ఉండటం
• ఎక్కువ నెత్తురు, పొట్ట ఉబ్బడం, పచ్చని వాంతులు
• ఆగి ఆగి గుక్కపట్టి ఏడవడం, ఎర్రని జిగురు ముద్దలా విరేచనం
• ఏదైనా తిన్న 1 నుంచి 4 గంటలలో పదే పదే వాంతులై, పాలిపోయి వేలాడిపోవడం
• ఒంటిపై దద్దుర్లతోపాటు ఆయాసం

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఈ బిడ్డకు ఆవుపాలకు బదులు మేకపాలు పట్టవచ్చా?
2. తల్లి మళ్ళీ పాలు తీసుకొని చూడటం ఎందుకు?

జవాబులు: 1. పట్టకూడదు. రెండింటి మాంసకృత్తులు దాదాపు ఒకేలా ఉంటాయి. 2. పాలే కారణమో కాదో తేల్చుకోవడానికి, అనవసరపు పథ్యం తప్పించడానికి.