పెండ్లి పనుల చీటీలో రెండు తెలుగులు

మాది హోసూరు పక్క పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, సంతకు పోతే కన్నడం. పోయిన మాఘంలో మా చెల్లెలి పెండ్లి చేసినాము. పెండ్లికొడుకు వాళ్ళది గోదావరి జిల్లా. "రెండిండ్లలోనూ తెలుగే కదా, ఇంక చిక్కేముంది" అనుకొని పనులు మొదలుపెట్టినాము. వచ్చిన చిక్కులన్నీ ఆ తెలుగులోంచే వచ్చినాయి.

ఇప్పుడు మన ఇండ్లలో చాలామందికి ఆంధ్ర, తెలంగాణ సంబంధాలు కుదరతా ఉండాయి. అందుకే మేము పడిన తిప్పలు వరసగా రాస్తా ఉండాను. ఎవరికన్నా పనికి రావచ్చు.

తేదీ

మొదటి తకరారు పంచాంగం దగ్గరే. తమిళనాడులో నెలలు సూర్యుణ్ణి పట్టి నడుస్తాయి, ఆంధ్రలో చంద్రుణ్ణి పట్టి. ఇక్కడ ఆడి, పురట్టాసి, మార్గళి నెలల్లో పెండ్లిండ్లు పెట్టుకోరు. అక్కడ ఆషాఢం, భాద్రపదం, పుష్యం వద్దంటారు. సంక్రాంతితో తై నెల పుట్టేస్తుంది కాబట్టి మా ఊర్లో మండపాలన్నీ ఆ వారం నుంచే నిండిపోతాయి. కానీ వాళ్ళకు పుష్యం అమావాస్య దాకా ఉంటుంది. మేము తై మొదటి వారంలో మండపానికి అడ్వాన్సు ఇచ్చేసి, మళ్ళీ మార్చుకోవాల్సి వచ్చింది. రెండు పంచాంగాలూ పక్కపక్కన పెట్టుకొని చూసినాకనే మండపం మాట్లాడండి.

గంట

మన పక్క ముహూర్తమంటే పొద్దున. ముందురోజు సాయంత్రం రిసెప్షన్, మర్నాడు తెల్లవారి పెండ్లి, మధ్యాన్నం భోజనాలతో సరి. మండపం బాడుగ కూడా ఆ లెక్కకే ఉంటుంది. కోస్తాలో లగ్నం రాత్రి పదికైనా, తెల్లవారుజాము మూడుకైనా పడవచ్చు. వాళ్ళ పంతులుగారు మొదట రాత్రి లగ్నమే రాసి పంపినారు. మండపం వాళ్ళేమో రెండు దినాల బాడుగ అడిగినారు. చివరికి పొద్దున లగ్నం ఇంకొకటి చూపించుకొన్నాము.

పత్రిక

మనం పత్రిక అంటాము, వాళ్ళు శుభలేఖ అంటారు. పేరు ఏదైనా, ఏ లిపిలో వేయాలన్నదే అసలు ప్రశ్న. 2006లో తమిళం నేర్పే చట్టం వచ్చినాక, ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏడాదికొక తరగతి చొప్పున బడుల్లో తమిళం తప్పనిసరి అయ్యింది. మా పెద్దనాయన మనవళ్ళు తెలుగు గలగలా మాట్లాడతారు, కానీ చదవలేరు. కాబట్టి ఒక పక్క తెలుగు, ఒక పక్క తమిళం వేయించినాము. తమిళంలో ప, బ రెండింటికీ ఒకటే అక్షరం, క, గ లకూ అంతే. పేర్లు అచ్చుకు పోయే ముందు ఇద్దరు పెద్దవాళ్ళ చేత గట్టిగా చదివించండి.

బొట్టు, చీర

మన ఇండ్లలో బొట్టు అంటే నుదుటి బొట్టూ అవుతుంది, మెడలో తాళీ అవుతుంది. ఇక్కడి నగల అంగళ్ళలో మన గుండ్రటి బిళ్ళలను "పొట్టు తాలి" అంటారు. వాళ్ళు శతమానాలు అంటారు, సూత్రాలు అంటారు, తెలంగాణలో పుస్తెలు. మా అమ్మ ఫోనులో "బొట్టు మీరు చేయిస్తారా, మేము చేయించాలా?" అని అడిగితే, అవతల వియ్యపరాలుగారు "బొట్టుదేముందండీ, కుంకుమ మేమే తెస్తాం" అన్నారంట. పుట్టింటిదొకటి, అత్తింటిదొకటి అని రెండు బిళ్ళలు కావాల. ఏది ఎవరు చేయించాలనేది మాటల్లో వదిలేయకుండా కాగితం మీద రాసుకోండి.

చీర సంగతి ఇంకొంచెం నాజూకు. వాళ్ళు పీటల మీదికి మధుపర్కాలు కట్టిస్తారు, అంటే ఎర్ర అంచు తెల్ల బట్టలు. మా అవ్వకు అది సహించలేదు. "శుభకార్యానికి బిడ్డకు తెల్లచీరా?" అని రెండు దినాలు అన్నం సరిగా తినలేదు. అంచులు పసుపులో ముంచి కట్టిస్తారనీ, అది వాళ్ళ ఇంటి మర్యాదనీ చెప్పి, ఫోటోలు చూపించినాక ఒప్పుకొనింది. రిసెప్షనుకు కంచి పట్టు, పీటల మీద మధుపర్కం అని తీర్మానం అయ్యింది. ఇట్లాంటివి పెద్దవాళ్ళకు ముందే చూపించాల, మండపంలో కాదు.

వంట చీటీ

వంటాయనను వాళ్ళ పక్క నుంచే పిలిపించినాము. సరుకుల చీటీ మా చిన్నాయన రాసినాడు: ఎర్రగడ్డలు, తెల్లగడ్డలు, ఉర్లగడ్డలు, కందిబేడలు, ఉద్దిబేడలు, అనపకాయలు. ఎర్రగడ్డలంటే ఉల్లిపాయలు, తెల్లగడ్డలంటే వెల్లుల్లి, ఉర్లగడ్డలంటే బంగాళాదుంపలు, బేడలంటే పప్పులు అని వంటాయన ఫోను చేసి తెలుసుకొన్నాడు. అనపకాయలకు మాత్రం అడగలేదు, తెలిసిన మాటే కదా అనుకొన్నాడు. గోదావరి పక్క ఆనపకాయ అంటే సొరకాయ. మనకు అనపకాయలంటే చలికాలంలో వచ్చే చిక్కుడు జాతి కాయలు. గింజలు నానబెట్టి, తోలు పితికి పులుసు పెట్టుకుంటాము. పితికిపప్పు లేని చలికాలం పెండ్లి మన పక్క పెండ్లే కాదు. తెల్లవారి చూస్తే వంటింట్లో ముప్పై సొరకాయలు! మా అత్తలు పొద్దు పొడవకముందే సంతకు పరిగెత్తి, బుట్టెడు అనపగింజలు తెచ్చి, వరసగా కూర్చొని పితికినారు.

తీపి విషయంలోనూ అంతే. వాళ్ళ బొబ్బట్లు, మన ఓళిగలు, సీమలో భక్ష్యాలు, తమిళంలో పోళి. పేరు కాకుండా లోపల పెట్టే పూర్ణం ఏందో చెప్పి చేయించుకోండి.

"గమ్మున" అనే మాట

మొదలు పెండ్లి ముందురోజే పడింది. వాళ్ళు మండపానికి రాగానే పెండ్లికొడుకు పిన్నిగారు సామాన్లు సర్దబోతే, మా అవ్వ "మీరు గమ్మున కూర్చోండమ్మా, మేము చూసుకుంటాము" అనింది. మనకు గమ్మున అంటే నిమ్మళంగా, ఊరికే. కోస్తాలో గమ్మున అంటే తొందరగా. ఆమె ముఖం చిన్నబోయింది. "రాగానే త్వరగా కూర్చోమని గదమాయించింది పెద్దావిడ" అని వాళ్ళలో వాళ్ళు అనుకొన్నది అవ్వ చెవిన పడింది. ఏం తప్పు మాట్లాడిందో అవ్వకు తెలియలేదు. ఆ రాత్రి నలుగుకు ఆమె పాట ఎత్తలేదు. "నా తెలుగు వాళ్ళకు బాగుండదులే" అని మూల కూర్చునింది.

మర్నాడు జీలకర్ర బెల్లం వేళ. పెండ్లికొడుకు బాబాయిగారు మేళం వాళ్ళను చూసి "గమ్మున కానివ్వండి, లగ్నం దాటిపోతోంది" అన్నారు. మేళం వాళ్ళు మా ఊరివాళ్ళు. గమ్మునుండమంటా ఉండారని నాదస్వరం దించేసినారు. వాళ్ళ లెక్కలో జీలకర్ర బెల్లమే సుముహూర్తం. మన ఇంట్లో బొట్టు కట్టేటప్పుడే గట్టిమేళం. అందుకే మా వాళ్ళెవరికీ మేళం ఆగినట్టు కూడా తోచలేదు. వాళ్ళ పెద్దలకు మాత్రం చాలా కష్టమయ్యింది.

భోజనాల దగ్గర నేనే మేళం వాళ్ళను అడిగితే అసలు సంగతి తెలిసింది. రెండు "గమ్మున"లూ విడమరచి చెప్పినాను. పిన్నిగారు లేచి వచ్చి అవ్వ చెయ్యి పట్టుకొని, "నాకు అర్థం కాలేదు అమ్మమ్మగారూ, రాత్రి పాడని పాట ఇప్పుడు పాడండి" అన్నారు. అవ్వ నవ్వింది కానీ పాడలేదు. "నలుగు పాట నలుగుకే పాడాల తల్లీ" అనింది.

ఆ ఒక్క రాత్రి పోయింది. తరువాతి నెల అవ్వ పక్కన కూర్చొని ఫోనులో పదకొండు పాటలు పట్టుకొన్నాను. ఇంకా మూడు నాలుగు ఉండాయి, నోటికి రావడంలేదంటుంది. పది మంది మధ్య పసుపు నూరతా ఉంటే వచ్చేవంట.

మీ ఇంట్లో పెండ్లి ఉంటే

ఆడ మగ రెండు పక్కలా ఒక్కొక్కరిని కూర్చోబెట్టి, సరుకులు, నగలు, వరసలు, వేళలు అన్నిటికీ రెండిండ్ల మాటలతో ఒక చీటీ రాయించండి. మేళం వాళ్ళకు గట్టిమేళం రెండు చోట్ల అని చెప్పండి, జీలకర్ర బెల్లానికొకటి, బొట్టుకొకటి. "ఇది తెలుగేనా" అని ఎవరన్నా నవ్వితే, గోదావరి ఆనపకాయ ఎంత తెలుగో హోసూరు అనపకాయా అంతే తెలుగని అక్కడికక్కడే చెప్పండి. అవ్వల ముందర చెప్పండి. నలుగు రాత్రికి ముందే చెప్పండి.