అప్పు ఒకరిది, ఫోన్లు అందరికీ!

మీ సెల్‌ఫోన్‌లో ఎన్ని పేర్లు ఉన్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టి చూశారా? పుట్టింటివాళ్ళు, అత్తింటివాళ్ళు, పాలాయన, గ్యాసాయన, పిల్లల టీచరమ్మ, రవికెలు కుట్టే ఆమె... ఎంత లేదన్నా రెండు మూడు వందలు ఉంటాయి. అందరూ మనల్ని నమ్మి నంబరు ఇచ్చినవాళ్ళే. ఆ నంబర్లన్నీ ఒక్కసారి వేలితో నొక్కితే ముక్కూ మొహం తెలియని కంపెనీకి పోతాయంటే నమ్మబుద్ధి కాదు. కానీ అప్పులిచ్చే యాప్‌ల విషయంలో జరిగింది అదే.

మన వైపు అవసరాలు మీకు తెలియనివి కావు. ఆదోని చుట్టుపక్కల పల్లెల్లో పత్తి చేతికొచ్చేది దసరా నాటికి. స్కూలు ఫీజు మాత్రం జూన్‌లోనే కట్టాల. ఎమ్మిగనూరులో మగ్గాల ఇళ్ళల్లో చీర మగ్గం దిగితే గానీ కూలి రాదు. మధ్యలో అయిదు వేలు అవసరమైతే పొదుపు సంఘంలో అడగాలి, నలుగురికీ తెలుస్తుంది. యాప్‌లో అయితే మూడో కంటికి తెలియకుండా పది నిమిషాల్లో డబ్బు పడుతుంది. ఆ గుట్టు కోసమే ఆడవాళ్ళు అటు పోతున్నారు. చివరికి పోయేది కూడా ఆ గుట్టే!

యాప్ దించుకోగానే "కాంటాక్టులు చూడనివ్వాలా, ఫొటోలు చూడనివ్వాలా" అని ఫోన్ అడుగుతుంది. తొందరలో ఉన్న మనిషి 'అలౌ' అని నొక్కేస్తుంది. అంతే, మన ఫోన్‌లోని పేర్ల చిట్టా మొత్తం వాళ్ళ కంప్యూటర్‌లోకి చేరిపోతుంది. అయిదు వేలు అప్పని రాసుకుని, ఖర్చుల కింద ముందే కోసుకుని, మూడు వేల చిల్లర చేతిలో పెట్టడం, ఏడు రోజుల్లో మొత్తం కట్టమనడం ఇలాంటి యాప్‌ల పద్ధతి. గడువు దాటితే మొదట ఆమెకు ఫోన్లు, తర్వాత చిట్టాలో ఉన్నవాళ్ళందరికీ ఫోన్లు. ఆమె ఫొటోను అసభ్యంగా మార్చి వదినకూ, పిల్లల టీచరుకూ పంపడం దాకా పోయినారు. మా వీధిలో ఒకామె "అక్కా, నేను రూపాయి తీసుకోలేదు, ఎవరి బాకీనో నన్ను కట్టమంటాండారు, మా ఆయనకేం చెప్పాల?" అని ఏడ్చింది. ఎవరి ఫోన్‌లోనో ఆమె నంబరు ఉండటమే ఆమె చేసిన పాపం.

2020 చివరలో తెలంగాణలో ఈ వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్ళ వార్తలు వరుసగా వచ్చాయి. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు ఈ యాప్‌ల కాల్ సెంటర్ల మీద దాడులు చేశారు. అరెస్టయిన వాళ్ళల్లో చైనా దేశస్థులూ ఉన్నారు. తర్వాత రిజర్వు బ్యాంకు వేసిన కమిటీ 2021లో చూస్తే, మన దేశంలో ఫోన్లకు దొరికే అప్పుల యాప్‌లు దాదాపు 1,100 ఉన్నాయి. అందులో 600 చట్టవిరుద్ధమైనవి! అప్పటికీ ఆగలేదు. 2022 సెప్టెంబరులో మన రాష్ట్రంలోనే, రాజమహేంద్రవరంలో, ఇద్దరు చిన్న పిల్లల తల్లిదండ్రులు ఈ బెదిరింపులకు బలైపోయినారు.

2010లో సూక్ష్మరుణాల గొడవ గుర్తుండే ఉంటుంది. వసూలుకొచ్చినవాళ్ళు గడపలో కూర్చుని లేచేవాళ్ళు కాదు. ఆ ఏడాది అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి, ఇళ్ళ దగ్గర వసూళ్ళు కూడదు, పంచాయతీ ఆఫీసు లాంటి బహిరంగ స్థలంలోనే కట్టించుకోవాలి అన్నది. అప్పుడు గడపకు చట్టం వచ్చింది. ఫోన్‌కు రావడానికి ఇంకో పన్నెండేళ్ళు పట్టింది.

2022 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు నిబంధనలు పెట్టింది. అప్పిచ్చే యాప్ మన కాంటాక్టులు, ఫొటోలు, కాల్ వివరాలు ముట్టుకోకూడదు. కెమెరా, మైకు, మనం ఉన్న చోటు లాంటివి ఖాతా తెరిచేటప్పుడు ఒక్కసారి, అదీ మన అనుమతితోనే. డబ్బు బ్యాంకు లేదా ఫైనాన్స్ కంపెనీ నుంచి నేరుగా మన ఖాతాలో పడాల. వడ్డీ, ఖర్చులు మొత్తం ముందే రాసివ్వాల. 2023లో గూగుల్ కూడా తన ప్లే స్టోర్‌లోని అప్పుల యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు చూడకూడదని కట్టడి చేసింది. కాబట్టి ఏ అప్పు యాప్ అయినా కాంటాక్టులు అడిగిందంటే అది దొంగదని అక్కడే తెలుసుకోవచ్చు. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు వాడుకునే యాప్‌ల జాబితాను రిజర్వు బ్యాంకు 2025 జూలై నుంచి తన వెబ్‌సైట్‌లో పెట్టింది. పిల్లల చేత చూపించుకోండి.

వీటన్నిటి వెనకా 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది జడ్జీలు ఇచ్చిన తీర్పు ఉంది. మన వ్యక్తిగత విషయాల గోప్యత ప్రాథమిక హక్కేనని వాళ్ళంతా ఏకగ్రీవంగా చెప్పారు. దాని తర్వాత 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. ఇందులో నాకు బాగా నచ్చిన మాట ఒకటుంది. కంపెనీ అనుమతి అడిగే కాగితాన్ని తెలుగులో చదువుకునే వీలు కూడా మనకు ఇవ్వాల. ఇంగ్లీషులో చీమ తలకాయంత అక్షరాలు పెట్టి 'ఒప్పుకున్నారు కదా' అంటే చెల్లదు. ఇచ్చిన అనుమతిని ఎంత సులువుగా ఇచ్చామో అంత సులువుగా వెనక్కి తీసుకోవచ్చు. సమాచారాన్ని భద్రంగా కాపాడని కంపెనీకి 250 కోట్ల రూపాయల దాకా జరిమానా పడవచ్చు. దీని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలు చేయడానికి కంపెనీలకు 18 నెలల గడువు ఇచ్చారు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్ళు భయపడి ఇంకో యాప్‌లో అప్పు చేసి ఇది కట్టొద్దు. వచ్చిన మెసేజీలు, నంబర్లు చెరపకుండా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. 1930కి ఫోన్ చేయండి, లేదా దగ్గర్లోని పోలీసు స్టేషన్‌లో చెప్పండి. ఫొటోలు అసభ్యంగా మార్చి పంపితే సమాచార సాంకేతిక చట్టం 67వ సెక్షను కింద మొదటి నేరానికే మూడేళ్ళ దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. మీరు హామీ సంతకం పెట్టకపోతే ఇతరుల బాకీకి మీరు జవాబుదారు కాదు, ఆ మాటే గట్టిగా చెప్పండి. అన్నిటికంటే ముందు ఇంట్లో చెప్పండి. మొగుడు తిడతాడనే భయమే వాళ్ళకు పెట్టుబడి.

ఇంకో మాట. ఎమ్మిగనూరు, ఆదోనిలో వాట్సాప్‌లో చీరలు, పచ్చళ్ళు అమ్ముకునే సోదరీమణులు చాలామంది ఉన్నారు. కొన్నవాళ్ళ నంబర్లు, అడ్రసులు మీ దగ్గర ఉంటాయి. సొంత ఇంటి అవసరాలకు ఈ చట్టం అడ్డు రాదు గానీ వ్యాపారానికి ఆ మినహాయింపు లేదు. కొన్నవాళ్ళందర్నీ ఒక గ్రూపులో చేర్చితే ఒకరి నంబరు ఇంకొకరికి కనబడుతుంది. దాని బదులు వాట్సాప్‌లోనే 'బ్రాడ్‌కాస్ట్' అని ఉంటుంది. అందులో పంపితే ఎవరి మెసేజీ వాళ్ళకు విడిగా పోతుంది. మీ నంబరు వాళ్ళ ఫోన్‌లో దాచుకుని ఉండాల, లేకపోతే అందదు. కొన్నామె చీర కట్టుకుని పంపిన ఫొటోను స్టేటస్‌లో పెట్టుకోవాలన్నా ముందు ఆమెను ఒక మాట అడగండి.